మూడో బొత్తాం

జూన్ 7, శనివారం

నా స్కోర్ల కిందకి ఎవరో వచ్చి కూర్చున్నారు.

వీడియోగేముల పార్లర్‌లో చీమ మెషిన్ మీద మొదటి మూడు స్కోర్లూ నావే, ఏళ్ళ తరబడి నావే. నాలుగోది తాళాల షాపు నడిపే తాళాలాయనది. ఇవాళ చూస్తే తాళాలాయన ఐదుకి జారాడు. నాలుగులో కొత్త స్కోరు, పేరు ఉండాల్సిన చోట మూడు చుక్కలు. పేరు పెట్టుకోమని మెషిన్ మూడక్షరాలు ఇస్తుంది. దాచుకోవాల్సిన పని ఉన్నవాళ్ళే చుక్కలు పెడతారు.

పార్లర్ నడిపే పెద్దావిడని అడిగాను.

"ఎవరండీ ఈ మూడుచుక్కలు?"

"ఎవరో ఒకరు. ఆడుకోవడానికే కదమ్మా మెషిన్ పెట్టింది."

"మీకు తెలుసు."

"తెలుసు. చెప్పనని మాటిచ్చాను. నీ సంగతులు నేను ఎవరికైనా చెప్పానా?"

నా సంగతులేమిటి? నాకేం సంగతులున్నాయి? ఆ ముక్క ఎందుకు అన్నదో ఇంటికొచ్చాక కూడా తేలలేదు.

మెషిన్ మీద ఎవరో దొంగ పడ్డారని ఇంట్లో చెబితే ఆయన నవ్వారు. "ఒక చీమ చక్కెర పలుకులు ఏరుకోవడం, మూడు బల్లులు దాని వెంటపడటం. దీనికి కూడా దొంగలు పడతారటే?" లిఫ్టులు బాగుచేసే మనిషికి పైకీ కిందికీ తప్ప ఇంకో దారి తెలియదు. ఆయనతో చెప్పడం నాదే బుద్ధి తక్కువ. బుల్లి మాత్రం నవ్వలేదు. నా ఆడపడుచు మాట తక్కువ మనిషి. ఇంట్లో అందరికంటే పొడుగు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం, నలభై దాటాయి, అయినా అందరికీ బుల్లే. "దొంగేమో అని ఎందుకనుకుంటావు వదినా?" అని మాత్రం అడిగింది.

"పేరు దాచుకున్నారు కాబట్టి" అన్నాను.

జూన్ 9, సోమవారం

నేను అనుమానం మనిషిని కాను. జాగ్రత్త మనిషిని. బస్సుల్లో మర్చిపోయిన వస్తువుల కౌంటర్లో ఇన్నేళ్ళు కూర్చుంటే ఎవరైనా ఇలాగే తయారవుతారు. ఇవాళ ఒకాయన వచ్చి గొడుగు పోయిందన్నాడు. ఏ రంగు? నలుపు. అన్ని గొడుగులూ నలుపే. పిడి ఎలా ఉంటుంది? నీళ్ళు నమిలాడు. నీళ్ళు నమిలేవాళ్ళని నేను తలుపు దగ్గరే పట్టేస్తాను.

తరువాత ఒకావిడ చేతిసంచి కోసం వచ్చింది. లోపలి గుడ్డ ఏ రంగని అడిగితే చెప్పలేకపోయింది. రోజూ వాడే సంచి లోపల ఏ రంగో తెలియకుండా ఉంటుందా? ఇవ్వలేదు. ఏడ్చింది. ఏడవడం కూడా చూశాను నేను చాలామంది దగ్గర.

జూన్ 14, శనివారం

మూడుచుక్కలు మూడో స్థానానికి వచ్చారు. నా మూడో స్కోరు నాలుగుకి పడింది.

బుల్లిని స్టూలు మీద కూర్చోబెట్టుకుని మధ్యాహ్నమంతా ఆడాను. మెషిన్ మీటరుకి ఆరంకెలే. పది లక్షలు దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలు. అలా దాటిన ప్రతిసారీ బుల్లి స్టీలు గ్లాసులో ఒక బొత్తాం వేస్తుంది. ఎన్ని బొత్తాలు పడితే అన్ని పది లక్షలు. నేను ఆడతాను, తను వేస్తుంది, మొదటినుంచీ ఇదే. మధ్యలో నేను ఊపిరి బిగబడితే ఎక్స్‌రే గదిలో రోగులకి చెప్పినట్టే "ఊపిరి వదలండి" అంటుంది. ఇవాళ ఒక్క బొత్తామే పడింది. మనసు మనసులో లేదు.

పెద్దావిడ టీ తెచ్చి పెడుతూ అంది. "ఆ మూడుచుక్కలు కూడా అచ్చం నీలాగే ఆడతారమ్మా. ఎడమ పక్క కింది మూల పలుకులు చివరిదాకా ముట్టుకోరు."

టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఎడమ మూల నాది. ఆ మూలలో పలుకులు మిగిలి ఉన్నంతసేపూ బల్లులు అక్కడే కాచుకుని ఉంటాయి, మిగతా మెషిన్ అంతా చీమదే. ఇది నేను కనిపెట్టింది. దీనివల్లే ఏటా పార్లర్ పోటీలో నేను గెలుస్తాను, గోడమీద చెక్క మీద నా పేరు రాస్తారు. ఎవరికీ చెప్పలేదు. ఆయనకి చెప్పాను, భర్త కాబట్టి. బుల్లికి చెప్పాను, బుల్లి కాబట్టి.

బుల్లి చెప్పదు. బుల్లికి చెప్పుకోవడానికి మనుషులేరీ?

జూన్ 15, ఆదివారం

ఆయన పోయిన నెల తాళాలాయన ఉండే భవనంలో లిఫ్టు బాగుచేశారు. తాళాలాయనతో టీ తాగి వచ్చానని ఆయనే అన్నారు.

జూన్ 17, మంగళవారం

వల వేశాను. భోజనాల దగ్గర ఆయనతో మామూలుగా అన్నట్టే అన్నాను. "ఈసారి పోటీలో ఎడమ మూల మానేసి కుడి మూల వదిలేద్దామనుకుంటున్నానండీ. అందులో ఇంకా ఎక్కువ వస్తున్నాయి."

"అలాగే వదిలెయ్" అన్నారు. కూర ఇటు జరపమన్నారు. ఎంత తొణక్కుండా ఉన్నారో!

కుడి మూల వదిలితే మూడు నిమిషాల్లో చీమ చస్తుంది. అది నాకు తెలుసు. మూడుచుక్కలకి ఈ కబురు చేరిందో లేదో శనివారానికల్లా తెలుస్తుంది. చేరిందీ అంటే ఎవరి నోటి నుంచి చేరిందో వేరే చెప్పక్కర్లేదు. భోజనాల దగ్గర ఉన్నది ఆయనా, నేనూ, బుల్లీ.

జూన్ 20, శుక్రవారం

ఆయన ఆలస్యంగా వచ్చారు. లిఫ్టు ఇరుక్కుందట.

జూన్ 21, శనివారం

"నిన్న మూడుచుక్కలకి ఏమైందో పాపం" అంది పెద్దావిడ. "ఎడమ మూల మానేసి కుడి మూల వదలడం పట్టుకుని వేలాడారు. టపటపా చచ్చిపోయారు. మళ్ళీ మళ్ళీ అదే."

ఇంటికి వచ్చేదాకా ఆగలేకపోయాను. ఆయన పనిచేస్తున్న చోటికే వెళ్ళాను. లిఫ్టు గుంతలోంచి తల మాత్రం బయటపెట్టి ఉన్నారు.

"తాళాలాయనకి ఎంతకాలం నుంచి చెబుతున్నారు?"

"ఏం చెబుతున్నాను?"

"నా మూలలు."

"ఏ మూలలు? ఇంటి మూలలా?"

"నాటకాలొద్దు. కుడి మూల సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నిన్న మూడుచుక్కలు కుడి మూల ఆడారు."

ఆయన గుంతలోంచి పైకి వచ్చారు. చేతులకి గ్రీజు. "నాకు ఆ చీమకి ఎన్ని కాళ్ళో కూడా తెలీదే. నువ్వు భోజనం దగ్గర ఏం చెప్పావో నిజంగా నాకు గుర్తు లేదు. నేను వినను నువ్వు ఆట గురించి చెబితే. ఎప్పుడూ వినలేదు. ఇదీ నిజం, ఇంక నీ ఇష్టం."

భార్య మాట వినలేదని ఒప్పుకోవడం కూడా ఒక సాకేనా? పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇంతగా చిన్నబుచ్చే మాట ఆయన నన్ను అనలేదు. కానీ నేను నమ్మలేదు. ఈ సంగతీ రాసుకోవాలి. నమ్మలేదు.

జూన్ 22, ఆదివారం

ఆయన మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. మధ్యలో బుల్లి అటూ ఇటూ కబుర్లు మోస్తోంది. "అన్నయ్య ఉప్పు అడుగుతున్నాడు వదినా." "వదిన ఉప్పు అక్కడే ఉందంటోంది అన్నయ్యా." మూడు అడుగుల బల్ల మీద ఇదీ మా సంసారం.

బుల్లి కుడి చేతికి బొటనవేలి మొదట్లో కాయ కాసింది. ఏమిటే అంటే ఎక్స్‌రే ప్లేట్లు ఎత్తి ఎత్తి అంది. నాకూ సరిగ్గా అక్కడే ఉంది, మెషిన్ స్టిక్కు పట్టుకుని పట్టుకుని. పక్కపక్కన చేతులు పెట్టి చూపించాను. ఇద్దరం కష్టజీవులమే అని నవ్వాను. తను నవ్వలేదు. పాపం ఇంట్లో గొడవకి బెంగపెట్టుకున్నట్టుంది.

ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది బుల్లి ఒక్కతే.

జూన్ 25, బుధవారం

తాళం చెవికి నకలు చేయించుకునే వంకతో తాళాలాయన షాపుకి వెళ్ళాను.

"మీరు శుక్రవారం పార్లర్‌కి వెళ్ళారా?"

"వెళ్ళలేదమ్మా. మా అత్తగారు తలుపేసుకుని తాళం చెవి లోపల మర్చిపోయారు. నా వృత్తికి నాకు దక్కిన భాగ్యం అది." తాళం చెవిని ఆకురాయితో రాస్తూనే నా వైపు చూశాడు. "మూడుచుక్కలు నేనే అనుకుంటున్నారా?"

"నేనేం అనలేదు."

"నేను గనక మీ మూడో స్కోరు కొడితే చుక్కలు పెట్టుకుంటానా? షాపు బోర్డు మీద రాయించుకుంటాను. మెషిన్ వెనక తలుపు తెరిచానని కూడా మీకు అనుమానం ఉంటుంది. అది తెరిస్తే స్కోర్లన్నీ చెరిగిపోతాయి, మీవి కూడా. చెరిగాయా?"

చెరగలేదు. అది నిజమే. కానీ అడగకుండానే ఇంత వివరం ఎందుకు ఇచ్చాడు?

జూన్ 28, శనివారం

పోటీకి పేర్లు ఇచ్చే రోజు. పెద్దావిడ నల్లబోర్డు మీద సుద్దతో రాసింది. మొదట నా పేరు. తరువాత తాళాలాయన. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. ఆఖర్న ఇంకొకటి.

ముందు ఇంటిపేరు కనపడింది. మా ఇంటిపేరే. ఆయన పోటీకి దిగారనుకున్నాను. ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను, ఎంత ధైర్యం అని కూడా అనుకున్నాను. తరువాత పక్కన ఉన్న పేరు చదివాను.

బుల్లి నా వెనకే నిలబడి ఉంది.

జూన్ 29, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. బుల్లి గదిలోకి వెళ్ళి తలుపు వేసి అడిగాను.

"చెబుదామనే అనుకున్నాను వదినా."

"ఎప్పుడు?"

"మొదటిసారి నాలుగో స్థానం వచ్చినరోజు. డ్యూటీ అయ్యాక వెళ్ళి ఊరికే ఆడాను. అంత వస్తుందని నాకే తెలీదు. నీకు చెప్పి ఆశ్చర్యపరుద్దామనే చుక్కలు పెట్టి పరిగెత్తుకుంటూ వచ్చాను. నువ్వు వచ్చి దొంగ అన్నావు. ఇంక నోరు పెగల్లేదు."

"కుడి మూల?"

"అన్నయ్యతో చెబుతుంటే విన్నాను. నువ్వు చెప్పావంటే మంచిదే అయ్యుంటుందనుకున్నాను. ఆడినప్పుడల్లా చచ్చిపోయాను. నాకే చేతకావడం లేదేమో అనుకుని మళ్ళీ మళ్ళీ ఆడాను."

"నా పక్కన కూర్చుని నా ఆట దొంగిలించావు."

"చూశాను. చూడమని కూర్చోబెట్టింది నువ్వే కదా. అంతసేపు చూస్తే ఎవరికి రాదు వదినా?" మంచం అంచున కూర్చుంది. "నువ్వు వద్దంటే పేరు తీసేయిస్తాను."

వద్దనాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అంటే నేను భయపడ్డట్టు. "ఆడుకో, నాకేం" అన్నాను.

భయపడ్డాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు? ఇంటి తలుపు మీద ఆయన పేరు. కౌంటర్ మీద 'విచారణ' అని రాసి ఉంటుంది. నా పేరు రాసి ఉన్నది లోకం మొత్తం మీద ఆ పార్లర్ గోడమీద చెక్క ఒక్కటే. ఏటేటా కింద ఒక్కో వరుస. దాని కింద బుల్లి పేరు రాస్తే నాకు ఏం మిగులుతుంది?

ఆయనకి క్షమాపణ చెప్పాలి. చెప్పలేదు. అడక్కుండా టీ ఇచ్చాను. తాగారు. "చీమకి ఆరు కాళ్ళట, కనుక్కున్నాను" అన్నారు. నవ్వలేకపోయాను.

జూలై 5, శనివారం

మొదటి దఫా. కాలేజీ అమ్మాయిలు ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు నా చేతిలో ఓడి ఇంటికి. తాళాలాయనని బుల్లి ఓడించింది. వచ్చేవారం ఆఖరి ఆట నాకూ బుల్లికీ.

ఆట మొదలయ్యే ముందు పెద్దావిడ ఆ అమ్మాయిలకి పద్ధతి చెబుతుంటే విన్నాను. మెషిన్ తెర వెనక ఉంటుంది, వెలుతురు పడితే బల్లులు కనపడవు. తెర లోపల ఇద్దరే, ఆడే మనిషీ, ప్రత్యర్థీ. బొత్తాలు వేసేది ప్రత్యర్థే. బయట ఉన్న జనానికి గ్లాసు చప్పుడు ఒక్కటే ఆధారం.

"ప్రత్యర్థి వేస్తే మోసం చెయ్యరా ఆంటీ?" అంది ఒకమ్మాయి.

"ఎక్కువ ఎలాగూ వెయ్యరు. తక్కువ వేస్తే ఆడేవాళ్ళు ఊరుకుంటారా? ఇంతకంటే గట్టి పద్ధతి ఏముంది? ఆట అయ్యాక గ్లాసు చూసుకుని ఆడినవాళ్ళు సరే అంటే అదే లెక్క."

నాకు ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చుతుంది. ఎవరినీ నమ్మక్కర్లేదు.

జూలై 8, మంగళవారం

బుల్లి ఇంట్లో మామూలుగానే ఉంది. ఇంత మామూలుగా ఎలా ఉండగలుగుతోంది? నా బట్టలు కూడా ఇస్త్రీ చేసి పెట్టింది. నా మనసు మెత్తబరచడానికా?

జూలై 12, శనివారం

గెలిచాను.

జూలై 13, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ముందు నేను ఆడాను. బుల్లి స్టూలు మీద కూర్చుంది. రెండు బొత్తాలు, మీటరు మీద ఎనిమిది లక్షల పైచిలుకు. నా జన్మలో అంత ఎప్పుడూ ఆడలేదు. బల్లి నా ఆఖరి ప్రాణం తినబోతుండగా కూడా బుల్లి "ఊపిరి వదలండి" అంది. ప్రత్యర్థి అంటే అలా అంటుందా? నా మనసు మరల్చడానికేమో అని ఆ క్షణంలో అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

తరువాత తను. స్టూలు మీద నేను. గ్లాసు ఒళ్ళో, బొత్తాలు కుడి చేతిలో. ఇంతకాలం బుల్లి కూర్చున్న చోటు నుంచి ఆట ఇలా కనపడుతుందని నాకు తెలియదు. నా ఆటే. నా ఎడమ మూలే. నేను తొందరపడేచోట తను తొందరపడలేదు. నేను బల్లిని చూసి బెదిరేచోట తను బెదరలేదు. నా ఆట నాకంటే బాగా ఆడుతోంది. కళ్ళు ఆట మీంచి ఒక్కసారి కూడా పక్కకి తిప్పలేదు. బొత్తాం వేశానా లేదా అని చూసుకోలేదు. మొదటిది వేశాను. రెండోది వేశాను. బయట జనం గొణుక్కోవడం వినపడుతూనే ఉంది.

ఆఖరి ప్రాణం మీద మీటరు తొమ్మిది లక్షల తొంభై వేలు దాటింది. నా ఎనిమిది లక్షలు ఎప్పుడో వెనకపడ్డాయి. ఆ తరువాత అన్నీ సున్నాలు వచ్చాయి. మూడో బొత్తాం నా వేళ్ళ మధ్య ఉంది. చెయ్యి చెమట పట్టి ఉంది. బొత్తాం జారి చీర కుచ్చిళ్ళలో పడింది. వెతుక్కునేలోపే చీమ చచ్చిపోయింది. మీటరు మీద అరవై వేలు.

పెద్దావిడ తెర తీసింది. "రెండు బొత్తాలు, అరవై వేలు. సరేనా?" అని బుల్లిని అడిగింది.

బుల్లి గ్లాసు వైపు చూసింది. నా వైపు చూసింది. "సరే" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు.

జూలై 14, సోమవారం

జారింది. చెమటకి జారింది. చేతిలోంచి వస్తువులు జారవా?

జూలై 16, బుధవారం

తనకి తెలుసా?

తెలిస్తే అక్కడే ఎందుకు అడగలేదు? ఆడేవాళ్ళు ఊరుకోరని కదా పద్ధతి పెట్టింది. తెలియలేదేమో. ఆట మీద ఉంటే మీటరు గమనించలేం, నాకే ఎన్నోసార్లు తెలియదు. లేక తెలిసీ దాచుకుందా, ఏదో ఒకరోజు అందరిలో బయటపెట్టడానికి? బుల్లి అలాంటిది కాదు. మూడుచుక్కలు కూడా బుల్లి కాదనుకున్నాను కదా.

సాయంత్రం తెలివిగా అడిగి చూశాను. "మొన్న రెండో బొత్తాం తరువాత బాగా అలిసిపోయావా?"

"లేదు వదినా."

"మీటరు చూసుకుంటూ ఆడతావా, చూడకుండానా?"

"చూసుకుంటూనే." కూరగాయల కత్తి కడిగి లోపల పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన అన్నారు, "గెలిచిన మనిషి మొహంలా లేదే నీది." పెయింటర్ శనివారం వచ్చి చెక్క మీద పేరు రాస్తాడని పెద్దావిడ కబురు పంపింది.

జూలై 17, గురువారం

లోపలి గుడ్డ రంగు చెప్పలేకపోయిన ఆవిడ మళ్ళీ వచ్చింది. కూతురు తీసిన ఫోటో తెచ్చింది, భుజానికి అదే సంచి. ఇచ్చేశాను. "నేనెప్పుడూ లోపల చూసుకోలేదండీ, చెయ్యి పెట్టి తీసుకోవడమే" అంది. క్షమించండి అన్నాను. నమస్కారం పెట్టి వెళ్ళింది.

ఆవిడని నిలబెట్టి అడిగాను నేను. నన్ను బుల్లి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

జూలై 18, శుక్రవారం

బుల్లి బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చున్నాను. వంకలు వెతకడానికి ఓపిక లేకపోయింది.

"ఎన్ని చప్పుళ్ళు విన్నావు?"

తల ఎత్తలేదు. "మూడు రావాలి వదినా. రెండే విన్నాను."

"మరి ఊరుకున్నావేం?"

"నువ్వు వేస్తావనుకున్నాను. ఆలస్యమైందేమో, వేస్తావులే అనుకుంటూ ఆడాను. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు. చెవి అటే ఉండిపోయి బల్లిని చూసుకోలేదు." ఒక చొక్కా మడతపెట్టి ఇంకోటి తీసుకుంది. "తెర తీశాక నీ మొహం చూశాను. అందరి ముందూ అడగలేకపోయాను."

"జారింది బుల్లీ."

"సరే."

ఆ సరే అంత తేలిగ్గా వచ్చింది. నేను ఏం చెప్పినా తను ఒప్పుకుంటుంది, ఆ విషయం ఇకమీదట ఎత్తదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. చెక్క మీద నా పేరు ఉంటుంది.

"జారలేదు" అన్నాను. "పట్టుకుని కూర్చున్నాను. జారిందని తరువాత నాకు నేను చెప్పుకున్నాను."

బుల్లి మడతపెట్టడం ఆపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "తెలుసు వదినా" అంది. నేనే ఏడ్చాను.

జూలై 19, శనివారం

పెయింటర్ నిచ్చెన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. పార్లర్ నిండా జనం. నేను స్టూలు పక్కన నిలబడి చెప్పాను. మూడో బొత్తాం వెయ్యలేదని, కావాలనే వెయ్యలేదని, గెలిచింది బుల్లి అని. వెనకవాళ్ళకి వినపడలేదని రెండోసారి చెప్పాల్సి వచ్చింది. దొంగతనం ఒకసారి చేసి రెండుసార్లు ఒప్పుకున్నాను.

"నన్ను అనుమానించినావిడ మీరేనా!" అన్నాడు తాళాలాయన. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

పెద్దావిడ నా వైపు చూడకుండా పెయింటర్‌కి బుల్లి పేరు చెప్పింది. తరువాత నాతో అంది. "ఈ పద్ధతి మా ఆయన పెట్టినది. ఒక్క గొడవ రాలేదు. వచ్చే ఏడాది పోటీకి నీ పేరు రాయనమ్మా. ఆడుకోవడానికి ఎప్పుడైనా రా."

ఆయన నాతోపాటు వచ్చారు. అంతసేపూ పక్కనే నిలబడ్డారు. దారిలో చెప్పాను, లిఫ్టు దగ్గర మిమ్మల్ని అన్నవన్నీ తప్పండీ అని. "ఆ గుంతలో చాలా తిట్లు విన్నాను, అందులో నీదొకటి" అన్నారు. చెయ్యి పట్టుకున్నారు.

తేలికగా ఉంది. చాలా సిగ్గుగానూ ఉంది. రెండూ ఒక్కసారే ఉంటాయని నాకు తెలియదు.

జూలై 26, శనివారం

పార్లర్‌కి వెళ్ళననుకున్నాను. బుల్లే పిలిచింది. "నాలుగు బొత్తాలు ఆడాలని ఉంది వదినా. నువ్వే వెయ్యాలి."

"నేనా?"

"ఇంకెవరు వేస్తారు?"

పెద్దావిడ ఏమీ అనకుండా గ్లాసూ బొత్తాలూ తెచ్చి నా చేతిలో పెట్టింది. తాళాలాయన కూడా చూడటానికి నిలబడ్డాడు. స్టూలు మీద కూర్చుని బుల్లి మొహం చూశాను. సంతోషంగానే ఉంది. నన్ను క్షమించింది. ఇందులో నాకు అనుమానం లేదు, ఒక్క పిసరు కూడా లేదు.

ఆట మొదలుపెట్టింది. పోటీ రోజు కంటే బాగా ఆడుతోంది. మీటరు సున్నాలకి రాగానే బొత్తాం వేశాను, గదంతా వినపడేలా గట్టిగా వేశాను. బుల్లి తల తిప్పి గ్లాసు వైపు చూసింది. ఒక్క లిప్తే. ఆ లిప్తలో బల్లి వచ్చి చీమని పట్టుకుంది.

"వేశాను బుల్లీ. చూడకు, నేను వేస్తాను."

"తెలుసు వదినా. ఏదో పొరపాటున చూశాను. ఇంక చూడను."

మిగిలిన రెండు ప్రాణాలతో చాలాసేపు ఆడింది. ఎక్కడా తొణకలేదు. రెండో పది లక్షలు దగ్గరపడుతుంటే నేను ఊపిరి బిగబట్టి, బొత్తాం గ్లాసు అంచు మీదే పెట్టుకుని కూర్చున్నాను. సున్నాలు వచ్చీరాగానే వేశాను.

మళ్ళీ చూసింది.